అంకెలలో దాగిన కంఠధ్వని

బాలబాలికలారా! మీ చూపుడువ్రేలిని కంఠముపై మెల్లగా నుంచి 'ఆ' అని దీర్ఘముగా పలుకుడు. వ్రేలి క్రింద ఏదో అదరుచున్నట్లు తెలియును. ఇప్పుడు వ్రేలిని తీయక 'స్' అని గాలిని మాత్రము విడువుడు. అదురు లేదు. మరల 'ఆ' యనుడు. అదురు తిరిగి వచ్చును. ఈ చిన్న పరీక్షకు పరికరమేదియు నక్కరలేదు. కాని ఈ పాఠమున చెప్పబోవు గొప్ప యంత్రమంతయు ఈ పరీక్షమీదనే నిలిచియున్నది.

మన వ్యాకరణమున క, చ, ట, త, ప లకు పరుషములనియు, గ, జ, డ, ద, బ లకు సరళములనియు పేరు. 'ప' యనుటకును 'బ' యనుటకును పెదవులను ఒకే విధముగా మూసి తెరువవలెను. భేదమంతయు కంఠములోనే కలదు. 'బ' పలుకునప్పుడు కంఠతంత్రులు కంపించును. 'ప' పలుకునప్పుడు అవి యూరకుండును. వేదోచ్చారణను బోధించు ప్రాతిశాఖ్యములను ప్రాచీన గ్రంథములు ఈ భేదమును గుర్తించి, మొదటిదానిని నాదమనియు, రెండవదానిని శ్వాసమనియు పేర్కొన్నవి. ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొనుడు. మనుష్యుని మాటను విడదీసి, అంకెలుగా మార్చి, సముద్రము దాటించి, మరల మాటగా కూర్చిన యంత్రమునకు ఇవియే మూలసూత్రములు.

అమెరికా దేశమున బెల్ టెలిఫోను ప్రయోగశాలలో హోమర్ డడ్లీ అను ఇంజనీరు పనిచేయుచుండెను. ఆ కాలమున అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున తంతి వార్తలను కొనిపోవు కేబుళ్లు ఉండెను. అవి చుక్కలు, గీతలు అను సంకేతములను మాత్రమే మెల్లగా కొనిపోగలవు. మనుష్యుని మాట వానిలో ఇమడదు. ఏలయనగా మాటలోని ధ్వనితరంగములు సెకనునకు కొన్ని వందల నుండి కొన్ని వేల పర్యాయములు కంపించును. సామాన్యమైన టెలిఫోనులో మాట స్పష్టముగా వినబడవలెనన్న సెకనుకు సుమారు 3,000 కంపనముల వరకు పంపగల తీగ కావలెను. సముద్రపు కేబులు అందులో కొద్ది భాగమును మాత్రమే మోయగలదు. ఏనుగును సూదిబెజ్జమున దూర్చవలసిన పని వంటిది డడ్లీ యెదుట నిలిచెను.

1928లో ఆయనకు ఒక యూహ తోచెను. దానిని మనకు పరిచయమైన సన్నాయితో చెప్పుకొందము. విద్వాంసుడు సన్నాయి నూదునప్పుడు దాని పీక సెకనునకు వందల కొలది పర్యాయములు కంపించును. కాని ఆతని వ్రేళ్లు అంత వేగముగా కదలవు. కన్నులతో చూచి లెక్కింపగలిగినంత మెల్లగానే అవి రంధ్రములను మూయును, తెరచును. ఆ వ్రేళ్ల కదలికను ఎవరైన వ్రాసి పంపినయెడల, దూరగ్రామమున నున్న మరియొక విద్వాంసుడు తన సన్నాయిమీద ఆ పాటనే వాయింపగలడు. సన్నాయి ధ్వనిని పంపనక్కరలేదు; వ్రేళ్ల కదలికల లెక్కను పంపిన చాలును.

మన నోరును అట్టి వాద్యమే. కంఠతంత్రులు అతివేగముగా కంపించును. కాని ఆ ధ్వనికి అర్థమొసగు నాలుక, పెదవులు, దవడ సెకనునకు కొలది పర్యాయములు మాత్రమే కదలును. కనుక మాటను పంపుటకు మారుగా, నోటి కదలికల లెక్కను పంపవచ్చును. అవతలి యొడ్డున ఒక కృత్రిమకంఠమును సిద్ధముగా నుంచి, ఆ లెక్క ప్రకారము దానిచే పలికింపవచ్చును. ఇదియే డడ్లీ యూహ. ఈ యంత్రమునకు వోకోడర్ అని పేరు వచ్చెను.

వోకోడర్‌లో రెండు భాగములు కలవు. మొదటిది మాటను విడదీయును, రెండవది కూర్చును.

విడదీయు భాగమును జల్లెడల వరుసతో పోల్చవచ్చును. మిల్లులో ఆడించిన ధాన్యమును జల్లెడపట్టినచో బియ్యము వేరు, నూకలు వేరు, తవుడు వేరు అగును గదా! అట్లే మైక్రోఫోనులో పలికిన మాట పది విద్యుత్ జల్లెడల గుండా పోవును. మంద్రధ్వనులు ఒక జల్లెడలో, వానికంటె హెచ్చు ధ్వనులు మరియొక జల్లెడలో, మిక్కిలి తీక్ష్ణములైనవి కడపటి జల్లెడలో చిక్కును. ఆ క్షణమున ఒక్కొక్క జల్లెడలో ఎంత ధ్వని యున్నదో యంత్రము కొలుచును. ఇవి పది కొలతలు. ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. ఈ క్షణమున కంఠము కంపించుచున్నదా, లేదా? కంపించుచున్నచో దాని శ్రుతి యెంత? మొదటి ప్రశ్న మనము వ్రేలితో చేసిన పరీక్షయే.

కూర్చు భాగములో రెండు ధ్వనులు సిద్ధముగా నుండును. ఒకటి తుమ్మెద ఝంకారమువంటిది. రెండవది పాము బుసవంటిది. మొదటిది నాదము, రెండవది శ్వాసము. పలికినవాని కంఠము కంపించుచున్నదని వార్త రాగానే ఝంకారమును, లేదని రాగానే బుసను యంత్రము గ్రహించును. ఆ ధ్వనిని మరల పది జల్లెడల గుండా పంపి, వచ్చిన కొలతల ప్రకారము ఒక్కొక్క ద్వారమును హెచ్చుగనో తగ్గుగనో తెరచును. అప్పుడు తుమ్మెద ఝంకారమే మాటగా మారి మన చెవిని చేరును. ఇట్లు ధ్వనిని కొత్తగా కూర్చి పుట్టించు యంత్రమును సింథసైజరు అందురు.

1939లో న్యూయార్కు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఈ కూర్చు భాగమును వోడర్ అను పేర ప్రజలకు చూపిరి. ఒక యువతి హార్మోనియము వంటి పెట్టె యెదుట కూర్చుండి మీటలను నొక్కుచు, మణికట్టుతో ఝంకారమును బుసను మార్చుచు, కాలితో శ్రుతిని హెచ్చించుచు తగ్గించుచు యంత్రముచే మాటలు పలికించెడిది. ఇట్లు పలికించుట నేర్చుకొనుటకు ఒక సంవత్సర కాలము పట్టెడిది. మనము రెండు మూడు సంవత్సరముల వయస్సుననే ఎవరును చెప్పకయే నేర్చుకొనిన విద్య యెంత కష్టమైనదో దీనివలన తెలియుచున్నది. వోడర్ వ్రేళ్లతో నడచినది. వోకోడర్ అట్లు గాక, సజీవమైన కంఠము పలుకుచుండగనే దానిని అనుసరించి నడచినది. ఈ భేదమును మరువరాదు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. వినోదముగా చూచిన యంత్రముతో ప్రాణావసరమైన పని పడెను.

1941 డిసెంబరు 7వ తేదీ ఉదయమున, జపాను దాడి చేయవచ్చునని అమెరికా సైన్యాధిపతియైన జార్జి మార్షల్‌కు సూచనలు అందెను. హవాయి ద్వీపములలోని సేనను హెచ్చరింపవలసి యుండెను. ఆయన బల్లపై టెలిఫోను కలదు. కాని శత్రువులు ఆ మాటలను వినగలరను శంకచే ఆయన దానిని వాడక, వార్తను తంతి మార్గమున పంపుటకు నిశ్చయించెను. ఆ తంతి హవాయి సేనాపతికి చేరునప్పటికి పెర్ల్ హార్బరుపై దాడి జరిగిపోయి యుండెను. మాటాడుటకు సాధనముండియు నమ్మకము లేకపోవుటచే కలిగిన ఆలస్యమది.

ఆ శంక నిష్కారణము కాదు. అప్పటి సముద్రాంతర టెలిఫోనులో మాటను కొన్ని ముక్కలుగా చేసి, ముక్కల స్థానములను తారుమారు చేసి పంపుచుండిరి. ఉత్తరమును చించి ముక్కలను కలగలిపి పంపుట వంటిదది. ఓపికగలవాడు ఆ ముక్కలను మరల అతికింపగలడు. జర్మనులు అట్లే చేసిరి. 1942 నాటికి వారు హాలెండు సముద్రతీరమున ఒక కేంద్రము నెలకొల్పి, అమెరికా ఇంగ్లండుల నడుమ జరుగు సంభాషణలను విడదీసి వినుచుండిరి.

ముక్కలను తారుమారు చేసిన చాలదనియు, మాటను అంకెలుగా మార్చవలెననియు బెల్ ప్రయోగశాలలోని ఇంజనీరులు తలచిరి. అంకెలు ఏల? పాలలో నీరు కలిపినచో మరల వేరుచేయుట కష్టము. ధ్వనిలో మరియొక ధ్వనిని కలిపినను అంతే. కాని ఒక అంకెకు మరియొక అంకెను కూడినచో, దానిని తీసివేసి మొదటి అంకెను చెక్కుచెదరకుండ తిరిగి పొందవచ్చును. ఇదియే అంకెల గొప్పతనము.

వోకోడర్ ఈ పనికి తగిన సాధనమాయెను. అది అప్పటికే మాటను కొలది కొలతలుగా చేసి యున్నది గదా! ఇంజనీరులు ఆ కొలతలను సెకనునకు 50 పర్యాయములు తీసికొనిరి. ఒక్కొక్క కొలతకు ఆరు మెట్లు ఏర్పరచి, వానికి 0 మొదలు 5 వరకు అంకెలిచ్చిరి. కొలత ఏ మెట్టునకు దగ్గరగా నున్నదో ఆ అంకెను గ్రహింతురు. శ్రుతి విషయమున మన చెవి మిక్కిలి సూక్ష్మమైనది. ఆరు మెట్లు దానికి చాలవు. కనుక శ్రుతికి రెండంకెలు కేటాయించి, ఆరు ఆరులు 36 మెట్లు చేసిరి. పది జల్లెడలకు పది, శ్రుతికి రెండు, మొత్తము పండ్రెండు అంకెలు. సెకనునకు ఏబది పర్యాయములు చొప్పున 600 అంకెలు. సజీవమైన మాట ఇట్లు అంకెల ప్రవాహమాయెను.

ఇక రహస్యమును చేర్చు విధము వినుడు. పంపువానియొద్దను, గ్రహించువానియొద్దను ఒకే అంకెల వరుస గల గ్రామఫోను రికార్డులుండును. మాటలోని అంకెకు రికార్డులోని అంకెను కూడుదురు. మొత్తము 6 గాని అంతకు మించి గాని అయినచో 6 తీసివేయుదురు. ఉదాహరణమునకు మాటలోని అంకె 4, రికార్డులోని అంకె 5 అనుకొనుడు. మొత్తము 9; అందు 6 తీసివేయగా 3. ఈ 3 మాత్రమే ఆకాశమార్గమున పోవును. అవతలివాడు 3 నుండి 5 తీసివేయును; చాలకున్నచో 6 కలిపి తీసివేయును. అనగా 9 నుండి 5 పోగా 4. మొదటి అంకె తిరిగి వచ్చినది! నడుమ వినిన శత్రువునకు 3 మాత్రమే దొరకును. ఆ 3 వెనుక 0 మొదలు 5 వరకు ఏ అంకెయైనను ఉండవచ్చును. ఎంత మేధావియైనను దానినిబట్టి ఏమియు నిర్ణయింపజాలడు.

అయితే రికార్డులోని అంకెలకు క్రమమేదియు నుండరాదు. క్రమమున్నచో శత్రువు పసిగట్టును. కనుక పాదరసపు ఆవిరితో పనిచేయు విద్యుత్ గొట్టములలో సహజముగా పుట్టు గజిబిజి ధ్వని నుండి ఆ అంకెలను తయారుచేసిరి. ఒక్కొక్క రికార్డు 12 నిమిషములకు చాలును. ఒకమారు వాడినదానిని మరల వాడరాదు. వెంటనే నాశనము చేయవలెను. సముద్రమునకు రెండువైపుల నున్న రెండు రికార్డులు రెప్పపాటైనను తేడా లేక ఒకటిగా తిరుగవలెను. ఒకటి ఏమాత్రము వెనుకబడినను వచ్చునది మాట గాక రొద యగును. క్రమము లేని తాళపుచెవిని ఒక్కమారే వాడినయెడల ఇట్టి రహస్యమును ఎవరును ఛేదింపజాలరని క్లాడ్ షానన్ అను గణితవేత్త ఆ కాలముననే నిరూపించెను.

ఈ యంత్రమునకు సిగ్‌సాలీ అని పేరు. అది అర్థము లేని రహస్యనామము. బ్రిటిషు ప్రభుత్వము పక్షమున ఆలన్ ట్యూరింగ్ అను ప్రఖ్యాత గణితవేత్త 1943 ఆరంభమున అమెరికాకు పోయి దానిని పరిశీలించెను. ఒక్కొక్క కేంద్రమున సుమారు 40 ఎత్తైన బీరువాల వంటి చట్రములు. వాని బరువు 50 టన్నులకు పైగా. కావలసిన విద్యుత్తు 30 కిలోవాట్లు. ఆ వేడిని చల్లార్చుటకు వేరుగా శీతల యంత్రములు. ఇంత పరికరమును ఒక్క టెలిఫోను సంభాషణమునకే! లండనులోని యంత్రమును సెల్ఫ్రిడ్జెస్ అను పెద్ద దుకాణమునకు చెందిన భవనపు నేలమాళిగలో అమర్చి, అచ్చటినుండి ప్రధానమంత్రి చర్చిల్ యుద్ధకార్యాలయమునకు తీగ వేసిరి. 1943 జూలై 15వ తేదీన వాషింగ్టను, లండను నగరముల నడుమ మొదటి సమావేశము జరిగెను. క్రమముగా పండ్రెండు కేంద్రములు ఏర్పడెను. వానిలో ఒకటి పసిఫిక్ సముద్రమున నౌకమీదనే పనిచేసెను. యుద్ధము ముగియునంతలో మూడు వేలకు పైగా సమావేశములు దీని ద్వారా జరిగెను. శత్రువులు దీనిని ఎన్నడును ఛేదింపలేదు.

అట్లని ఈ యంత్రము లోపము లేనిది కాదు. పలికిన మాటలు అర్థమగుచుండెను గాని పలికినది ఎవరో పోల్చుకొనుట కష్టముగా నుండెను. కారణము మీకే తెలిసియుండును. మనిషి గొంతులోని సొగసు, జీర, చిన్నప్పటినుండి వచ్చిన యాస పది జల్లెడలకును ఆరు మెట్లకును చిక్కవు. కొలతకు చిక్కినది సముద్రము దాటినది. చిక్కనిది ఒడ్డుననే నిలిచిపోయినది. మాట వచ్చెను గాని మనిషి పోలిక రాలేదు. యుద్ధమును నడపువారికి మాట చాలును. కాని పరదేశమున నున్న కుమారుని గొంతు వినగోరు తల్లికి అది చాలునా?

1946లో సిగ్‌సాలీ పని ముగిసెను. దానిని నిర్మించినవారును నడిపినవారును మౌనముగా నుండిరి. 1976లో గాని ప్రభుత్వము ఆ రహస్యమును వెల్లడింపలేదు. ముప్పది సంవత్సరములు వారు తమ యింటివారికైనను చెప్పుకొనకుండిరనిన వారి నిగ్రహము మెచ్చదగినది.

వోకోడర్ మాత్రము రహస్యపు గదులలోనే ఉండిపోలేదు. అది సంగీతమును చేరెను. 1970లో రాబర్ట్ మూగ్ అను ఇంజనీరును, వెండీ కార్లోస్ అను సంగీత విదుషియు పది జల్లెడల వోకోడర్‌ను సింథసైజరుతో కలిపిరి. మరుసటి సంవత్సరము వెలువడిన ఒక ఆంగ్ల చలనచిత్రములో బీథోవెన్ తొమ్మిదవ సింఫొనీలోని గానభాగము ఆ యంత్రము నోట వినబడెను. ఇందులో యుక్తి ఏమనగా, గాయకుడు మైక్రోఫోనులో మాటలు పలుకుచుండును. వాద్యకారుడు మీటలు నొక్కుచుండును. తుమ్మెద ఝంకారమునకు మారుగా వాద్యపు ధ్వనియే జల్లెడలలోనికి పోవును. అక్షరములు గాయకునివి, స్వరములు వాద్యమువి. వీణయే నోరు తెరచి మాటాడినట్లుండును.

తరువాత ఈ పనిని పూర్తిగా అంకెలతోనే చేయు యంత్రములు వచ్చినవి. నేటి డిజిటల్ సింథసైజరు మైక్రోఫోను నుండి వచ్చు తరంగమునే నేరుగా కొలుచును. 1982లో విపణికి వచ్చిన కాంపాక్టు డిస్కులో సెకనునకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు ఉండును. ఇన్ని కొలతలున్నప్పుడు గొంతులోని జీర సైతము తప్పిపోదు.

సజీవమైన గానముతో పనిచేయునప్పుడు యంత్రమునకు మరియొక పరీక్ష కలదు. అది కాలము. వ్రాసి పంపిన లెక్కను ఎంతసేపైనను ఆలోచించి చేయవచ్చును. పాడుచున్నవాడు ఆగడు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా సెకనులో నూరవవంతు ఆలస్యమైనచో, ప్రక్కనున్న మృదంగము మూడున్నర మీటర్ల దూరమునకు జరిగినట్లే. అంతకు మించి ఆలస్యమైన కొలది తాళము తప్పును. కావున యంత్రము కొలతలను గంపల కొలది గాక గుప్పెడు గుప్పెడుగా గ్రహించును. ఒక గుప్పిటిలో 128 కొలతలున్నవనుకొనుడు. అవి చేరుటకు సెకనులో వేయింట మూడు వంతుల కాలమైనను పట్టదు. తరువాతి గుప్పెడు వచ్చులోపల మొదటిదాని లెక్క ముగింపవలెను. గుప్పెడు చిన్నదైనచో ఆలస్యము తగ్గును గాని యంత్రమునకు ఊపిరాడదు. పెద్దదైనచో యంత్రమునకు సుఖము, గాయకునకు కష్టము. ఈ రెంటి నడుమ కొలత తెలిసి నడుపుటయే ఇందలి నేర్పు.

ఇక మన చేతిలోని సెల్‌ఫోను సంగతి. దీనిలో మన దేశస్థుని పాలు కలదు. కాన్పూరులో 1933లో జన్మించిన బిష్ణు అటల్, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, 1961లో బెల్ ప్రయోగశాలలో చేరెను. ఆయన వృద్ధిచేసిన విధానము ఇట్టిది: మాటలోని గడచిన కొలతలనుబట్టి రాబోవు కొలతను ఊహింపవచ్చును. నోటి ఆకృతి క్షణములో మారదు గనుక ఊహ చాలవరకు సరియగును. ఊహించుటకు వలయు కొలది అంకెలను, ఊహకు అందని శేషమును మాత్రము పంపిన చాలును. దాదాపు అదే కాలమున జపాను దేశములో ఇతాకురా, సైటో అను వారును ఇట్టి మార్గముననే పరిశోధించిరి. 1985లో అటల్, ష్రోడర్ అను మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి, దీనిని ఇంకను మెరుగుపరచిన పద్ధతిని ప్రకటించెను.

1991లో ఫిన్లాండులో మొదలైన జి.ఎస్.ఎం. అను డిజిటల్ సెల్‌ఫోను పద్ధతి ఈ మార్గముననే మాటను పంపినది. 0 గాని 1 గాని అగు ఒక్క అంకెను బిట్టు అందురు. సామాన్య డిజిటల్ టెలిఫోనులో మాటకు సెకనునకు 64,000 బిట్లు పట్టగా, ఇందులో 13,000 చాలినవి. ఆ ఫోను మాటను సెకనునకు 50 తునకలుగా తీసికొని, ఒక్కొక్క తునకలో నోటి ఆకృతిని కొన్ని అంకెలతోను, కంఠము నుండి వచ్చు ప్రేరణను మరికొన్ని అంకెలతోను పంపినది. సెకనునకు 50! 1943లో ఆ నేలమాళిగలోని యంత్రము తీసికొనిన లెక్కయు అదియే. మాట యొక్క వేగము మనుష్యుని నాలుకను బట్టి యుండును. నాలుక నాటికిని నేటికిని ఒక్కటే. ఏబది టన్నుల యంత్రము చేసిన పని చొక్కా జేబులో ఇమిడినది. అంతే కాదు, అప్పుడు ఒడ్డున నిలిచిపోయిన మనిషి పోలిక ఇప్పుడు మాటతోపాటు వచ్చుచున్నది. దూరదేశముననున్న కుమారుడు 'అమ్మా' అనిన తోడనే తల్లి పోల్చుకొనుచున్నది.

కాని, బాలబాలికలారా, ఈ శక్తి పెరిగినకొలది కొత్త చిక్కు పుట్టినది. గొంతు పోలికను కొలువగల యంత్రము దానిని కల్పింపను గలదు. ఒకని మాటలను కొంత విని, ఆతడు ఎన్నడును పలుకని మాటలను ఆతని గొంతుతో పలికించు సాధనములు నేడు వచ్చినవి. వానితో ఆప్తులవలె మాటాడి ధనమపహరించు మోసగాండ్రును బయలుదేరిరి. నాడు గొంతు పోల్చలేకపోవుట లోపము; నేడు పోల్చినంత మాత్రమున నమ్మరాకపోవుట అపాయము. తెలిసిన గొంతు ఫోనులో తొందరపెట్టి ధనమడిగినచో, ఆ ఫోనును నిలిపి, ఆ మనిషికి మీకు తెలిసిన సంఖ్యకు మీరే మరల ఫోను చేయుడు. మీ యింటిలోని పెద్దలకును ఈ మాట చెప్పుడు.

యంత్రము మాటను విడదీయగలదు, కూర్చగలదు, దాచగలదు, అనుకరింపగలదు. మాట యిచ్చి నిలువవలసినవాడు మనుష్యుడే. యుద్ధకాలమున ఆ రహస్యమును కాపాడినది యంత్రము మాత్రమే కాదు, ముప్పది సంవత్సరములు నోరు మెదపని మనుష్యులును. మరల ఒకమారు కంఠముపై వ్రేలుంచి మీ పేరు పలుకుడు. ఆ అదురు మీది. దానిని సత్యమునకు వినియోగించుటయు మీ చేతిలోనిదే.

ప్రశ్నలు

1. పరుషములకును సరళములకును గల భేదమును కంఠముపై వ్రేలుంచి ఎట్లు తెలిసికొనవచ్చును? ఆ భేదము వోకోడర్‌లో ఏ రూపమున కనబడుచున్నది?

2. సన్నాయి విద్వాంసుని ఉపమానముతో డడ్లీ యూహను వివరింపుడు.

3. మాటను ముక్కలుగా చేసి పంపుటకంటె అంకెలుగా మార్చి పంపుట ఏల మేలు?

4. మాటలోని అంకె 2, రికార్డులోని అంకె 5 అయినచో పంపబడు అంకె ఎంత? దానినుండి మొదటి అంకెను తిరిగి పొందు విధమును చూపుడు.

5. సజీవమైన గానముతో పనిచేయు యంత్రము కొలతలను గుప్పెడు గుప్పెడుగా ఏల గ్రహింపవలెను?

6. "మాట వచ్చెను గాని మనిషి పోలిక రాలేదు." ఈ వాక్యమును నాటి స్థితితోను నేటి స్థితితోను పోల్చి పది పంక్తులలో వ్రాయుడు.